కట్టుబడి: 1846 నాటి కథలో ఈ మాట ఎవరి నోట పలకాలి?

"కట్టుబడి" అనే మాట గురించి మన బృందంలో ఆళ్లగడ్డ చెల్లెమ్మ అడిగిన ప్రశ్నకు చాలామంది "నిఘంటువు చూడండి" అని తేల్చేశారు. అది నిఘంటువుతో తీరే సందేహం కాదు. ఆమె రాస్తున్న కథ 1846లో, కోవెలకుంట్ల దగ్గరి పల్లెలో జరుగుతుంది. ఊరిలో సగం కంపెనీ మీద తిరగబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వైపు, సగం కంపెనీ తహసీల్దారు వైపు. అబ్బాయి తండ్రి ఒక పక్షం, అమ్మాయి తండ్రి మరో పక్షం. కుందూ నది ఒడ్డున అమ్మాయి "నేను నీకే కట్టుబడి ఉంటాను" అంటుంది. ఈ వాక్యం ఆ కాలానికి చెల్లుతుందా?

నా జవాబు: మాట చెల్లుతుంది, ఆ అమ్మాయి నోట మాత్రం అతకదు.

ఆ రోజుల్లో ఆ సీమలో కట్టుబడి అనగానే జనానికి తోచేది భూమి. మామూలు శిస్తు కాకుండా, ముందే ఖాయం చేసిన తక్కువ పన్ను కట్టుబడి. ఆ షరతు మీద మాన్యం (కొలువు కోసం ఇచ్చిన భూమి) అనుభవిస్తూ ఊరి కాపలా కాస్తూ, పాలెగాడు (ఆ ప్రాంతపు దొర) పిలిస్తే ఆయుధం పట్టుకుని నడిచే బంట్రోతులను కూడా కట్టుబడులనే అనేవారు. 1800లో నిజాం ఈ జిల్లాలను కంపెనీకి ధారపోశాక, కలెక్టరు మన్రో పాలెగాళ్లను అణిచాక, ఈ బంట్రోతుల అవసరం కంపెనీ దొరలకు తగ్గుతూ వచ్చింది. మాన్యాలను సర్కారు వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టింది. నరసింహారెడ్డికి కంపెనీ ఇచ్చే భరణం మీద పేచీ ఉంది. ఆయనకు నెలకు వచ్చేది 11 రూపాయల 10 అణాల 8 పైసలు, అది కాక తాతగారి తరఫు వాటా కావాలన్నాడు. ఆయన వెనక నడిచిన కట్టుబడులకు ఉన్నది మాన్యం పేచీ. తిరుగుబాటు చరిత్ర చెప్పేటప్పుడు భరణం కథనే ముందు పెడతారు. నాకు మాత్రం మాన్యం కథే పెద్దదనిపిస్తుంది. ఒక్కడి భరణం కోసం అంతమంది ప్రాణం మీదికి తెచ్చుకోరు.

కనుక ఈ మాటకు హక్కుదారు అబ్బాయి తండ్రి. ఆయన్ను కట్టుబడి బంట్రోతును చేస్తే కథ సగం నిలబడుతుంది. "దొరకు కట్టుబడినవాణ్ని" అని ఆయన అంటే అందులో విధేయత ఉంది, దాని కింద నాలుగెకరాల చేను కూడా ఉంది. ఆ రెండింటినీ ఆయన తన మనసులో కూడా విడదీసి చూసి ఉండడు.

ప్రొద్దుటూరు అన్నగారు దీనికి అడ్డం చెప్పారు: "మాటకు కట్టుబడి ఉన్నాడు అనడంలో కట్టుబడి క్రియ. పన్నుకు పేరైన కట్టుబడి నామవాచకం. రెండూ ఒకటే అంటే ఎలా?" సరైన అభ్యంతరమే. మొదటిది కట్టుబడు అనే క్రియకు క్త్వార్థక రూపం (చేసి, వెళ్లి లాంటిది). రెండోది రాబడి, దిగుబడి, పెట్టుబడి, చెల్లుబడి, పలుకుబడి వరుసలోది. ఈ వరుసలో పలుకుబడి తప్ప మిగతావన్నీ కరణం లెక్కల పుస్తకంలో కూర్చునే మాటలే. అయితే రెండింటికీ కట్టు, పడు అనేవే మూలం. విధేయత అనే అర్థం పన్నులోంచి పుట్టిందని నేను అనడం లేదు. ఒకే రూపం రెండు పనులు చేస్తున్నప్పుడు కథకురాలు దాన్ని వాడుకోకపోతే నష్టం ఆమెదే అంటున్నాను.

మరి అమ్మాయి ఏమనాలి? అదే ధాతువు ఆమెకు ఇంకో మాట సిద్ధంగా ఉంచింది: "కట్టుకుంటే నిన్నే." తాళి కట్టడం, శిస్తు కట్టడం, ఊరి కట్టుబాటు, కట్టు తప్పడం అన్నీ ఒక్క కట్టు చుట్టూనే తిరుగుతాయి. అబ్బాయి తండ్రి నోట కట్టుబడి, అమ్మాయి నోట కట్టుకోవడం, పెద్దల నోట కట్టుబాటు పలికిస్తే ప్రేమ, విధేయత, ఊరి చీలిక విడివిడిగా వివరించే పని ఉండదు. (కట్టుకథ కూడా ఈ ఇంటిదే. చెల్లెమ్మ ఏమీ అనుకోకూడదు.)

అనంతపురం మాస్టారు సుమతీ శతక పద్యం గుర్తుచేశారు. అడిగిన జీతం ఇవ్వని మిడిమేలపు (పొగరుబోతు) దొరను కొలిచి మిడుకుట (బాధపడటం) కంటె "వడిగల యెద్దులఁ గట్టుక మడి దున్నుక బ్రతుకవచ్చు మహిలో సుమతీ" అన్నది. ఇక్కడా కట్టుక ఉంది, చూడండి! మాస్టారు దీన్ని అబ్బాయి నోట పెట్టమన్నారు. ఊరివాళ్లకు నోటికి వచ్చే పద్యం కనుక బాగుంటుంది. అయితే మాన్యం పోయిన కట్టుబడికి మడి ఎక్కడిది? తండ్రి ఆ ఎదురు ప్రశ్న వేస్తే కొడుకు దగ్గర జవాబు ఉండదు. ఆ ఘట్టాన్ని నేనైతే అక్కడే ఆపేస్తాను.

ఉప్పు తిన్న విశ్వాసం అనే సామెతను వాడమన్నవారూ ఉన్నారు. అది ప్రతి కథలోనూ అరిగిపోయింది, వదిలేయండి.

ఇంకొన్ని సవరణలు. పాత్రల చేత "రాయలసీమ" అనిపించకూడదు. ఆ పేరు 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావుగారు సూచించినది. అంతకు ముందు రాతల్లో ఉన్నది దత్తమండలాలు, అంటే నిజాం కంపెనీకి ఇచ్చేసిన జిల్లాలు. పల్లెవాళ్లు అదైనా అని ఉంటారని నేను అనుకోను, వాళ్లకు ఊరు, తాలూకా చాలు. అప్పటి కోవెలకుంట్ల కడప జిల్లాలోది, కర్నూలు జిల్లాలో చేరింది 1858లో. ఫ్యాక్షన్ అనే మాట ఎలాగూ కుదరదు, ఊళ్లో ముఠాకు మనం వాడే పార్టీ అనే మాట కూడా ఆ నోళ్లలో పెట్టవద్దు. పక్షం, జట్టు, "వాళ్ల దిక్కువాళ్లు" చాలు. నరసింహారెడ్డిని ఉరితీసింది 1847 ఫిబ్రవరి 22న, కోవెలకుంట్లలోనే. పెళ్లి దానికి ముందా తరువాతా అన్నది తేల్చుకోకుండా చివరి ప్రకరణం మొదలుపెట్టవద్దు.

కోవెలకుంట్ల, జమ్మలమడుగు, గిద్దలూరు వైపు సభ్యులకు ఒక మనవి. మీ ఊళ్లలో చేలకు కట్టుబడి మాన్యం, కట్టుబడి చేను వంటి పేర్లు ఉంటే చెప్పండి. పాత దస్తావేజు ఇంట్లో ఉంటే అందులో ఆ మాటను ఏ వరుసలో, దేని పక్కన రాశారో చూడండి. పన్ను వరుసలోనా, మనిషి పేరు పక్కనా అన్నది నాకు కావాలి.