పేడనీటి గుంట పెద్దది చేయాలా, ముందు వాననీటిని మళ్లించాలా?

పాడిరైతు: కొట్టం కడిగిన నీరు, పేడ, మూత్రం చేరే మా గుంట చిన్నది కావడంతో, ముసురు పట్టిన రోజుల్లోనూ దానిని తోడి పొలానికి పెట్టక తప్పడం లేదు. అప్పటికే తడిసి ఉన్న నేలలో అది ఇంకక, వాలు వెంట వాగులోకి పోతోంది. అందుకే మందపాటి షీటు పరిచిన పెద్ద గుంట తవ్వించి, నేల ఆరాక స్ప్రింక్లర్లతో పశుగ్రాసానికి పెట్టాలనుకుంటున్నాను. ఎంత పరిమాణం సరిపోతుందో చెప్పగలరు.

చూరునీరు: ముందు ఆ గుంటను నింపుతున్నది పేడనీరా, వాననీరా చూసుకోండి. కప్పు, గచ్చు కలిపి 2,000 చదరపు మీటర్లు ఉంటే, 50 మిల్లీమీటర్ల వానకే 1,00,000 లీటర్లు చేరుతాయి. శుభ్రమైన చూరు నీటిని వేరుగా మళ్లిస్తే, పెద్ద గుంట అవసరమే రాకపోవచ్చు.

పాడిరైతు: గచ్చు మీద పడిన వాన పేడతో కలుస్తుంది కదండీ, దానిని ఎక్కడికి వదలాలి? పైగా వారాల తరబడి నేల ఆరనప్పుడు చూరు నీటిని మళ్లించినంత మాత్రాన గట్టెక్కలేము.

పంపుసెట్టు: పీచును, ముద్దపేడను ముందే వేరుచేసే ఏర్పాటు లేకపోతే, ఎంత పెద్ద గుంట తవ్వినా నాజిళ్లు పూడుకుపోతాయి.

చూరునీరు: కప్పు విస్తీర్ణం ఎంతో మీరింకా చెప్పలేదు. అది తెలియకుండా గుంట కొలతలు ఎవరు చెప్పినా ఊహే అవుతుంది.

దిగువపొలం: మా ఎగువన ఉన్న డెయిరీ వారు కూడా గుంట కడతాం, కడతాం అంటూనే తడినేల మీద పేడనీరు వదిలారు. ఇప్పుడు మా బావి నీటిలో నైట్రేటు, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన లీటరుకు 50 మిల్లీగ్రాముల హద్దును దాటింది. ఆ నీటితో పసిబిడ్డకు పాలపొడి కలపలేము. మీరు లీటర్ల లెక్కలు వేస్తుంటే నాకు కోపం వస్తోంది.

పాడిరైతు: ఎవరో చేసిన దానికి నన్ను నిలదీయడం న్యాయం కాదు. వాగులోకి పోకూడదనే కదా ఈ ఖర్చుకు సిద్ధపడ్డాను!

చూరునీరు: అయితే సూటిగా అడుగుతున్నాను: గుంట పెద్దదయ్యాక పశువులను కూడా పెంచుతారా? నిల్వ ఉంచితే చల్లే రోజు మారుతుందే తప్ప, పేడనీటిలోని పొటాష్ ఎక్కడికీ పోదు. ఉన్న పొలానికే మోతాదుకు మించి పెడుతూ పోతే మేతలో పొటాష్ పెరిగి, ఆవుకు మెగ్నీషియం సరిగా ఒంటబట్టదు. ఈనే సమయంలో పాలజ్వరం (రక్తంలో కాల్షియం పడిపోయి ఆవు కూలబడే జబ్బు) ముప్పు పెరుగుతుంది.

పాడిరైతు: పెంచుతాను. ఇప్పుడున్న మంద మీద వచ్చే ఆదాయంతో అప్పు తీరదు, కొత్త భూమి కొనే స్తోమత లేదు. మందను ఇలాగే ఉంచుకొని బతకమని చెప్పడం మీకు తేలికే.

దిగువపొలం: నా అభ్యంతరం కూడా సరిగ్గా అక్కడే ఉంది. మంద పెరిగితే పేడనీటిలోని నత్రజనిని తీసుకోవడానికి మీ పొలం చాలదు. మిగిలినది నైట్రేటుగా మారి దిగువకే ఇంకుతుంది.

పాడిరైతు: గుంట పని ఆపను. పైపులైను మాత్రం ఇంతవరకు పేడనీరు పారని దూరపు మడుల దాకా వేయిస్తాను.

చూరునీరు: ఆ మడుల మట్టిని పరీక్షకు పంపి, పొటాష్ ఎంత ఉందో తెలిశాకే పైపులు కొనండి. కప్పు కొలత కూడా పెట్టండి.