సమస్యాపూరణం: మూపు లేని యొంటె ముద్దు లొలికె

సంచాలకులు: హన్మకొండ సారు అరిజోనాలో కొడుకు దగ్గరికి పోయి, అక్కడి ఎడారిలో అల్పాకాలు, లామాలు పెంచే ఫారం చూసి ఫొటోలు పంపించిన్రు. రెండూ ఒంటె జాతివే, వీపు మాత్రం చాపలెక్క సాపు. చూసిన కాడినుంచి ఈ పాదం నన్ను విడుస్తలేదు. ఆటవెలదిలోనే పూరించాలె. కల పడ్డదనీ, బొమ్మ గీసిన్రనీ తప్పించుకోవద్దు.

హన్మకొండ సారు:
ఇసుక నేల నడుమ నింపైన దొడ్డిలో
పొడుగు మెడను చాచి పొంత జేరి
చేతి గింజలెల్ల చిరుమూతితో నేరి
మూపు లేని యొంటె ముద్దు లొలికె

జనగామ పంతులు: నడక బాగున్నది సారూ. కానీ సమస్య అడిగింది ఒంటెకు మూపు ఎందుకు లేదని. మీ పద్యం గింజలు తినిపించి ఊకున్నది. మొదటి మూడు పాదాలు జింకకూ సరిపోతయి.

హన్మకొండ సారు: జింకకు సరిపోవు పంతులుగారూ. "చిరుమూతితో నేరి" అన్నది ఊరికె వేసిన మాట కాదు. దాని పైపెదవి నడుమ చీలి ఉంటది, రెండు ముక్కలూ రెండు వేళ్ల లెక్క వేర్వేరుగ కదులుతయి. పైన ముందరి పండ్లు లేవు, చిగురు గట్టిపడి ఉంటది. అందుకే అరచేతిల గింజలు ఒక్కొక్కటే ఏరుకుంటది, చేయి కొరకది. ఆ ఏరుడు చూసే "ఏరి" అన్న.

జనగామ పంతులు:
ఆండి కొండ బుట్టి యరిజోన చేరిన
యల్పకమ్ము మందలందు నిలిచి
యెండకాల మనుచు నెల్ల నున్నిని గోయ
మూపు లేని యొంటె ముద్దు లొలికె

పరకాల వకీలు సాబ్: పంతులుగారూ, అల్పాకాను "అల్పకమ్ము" చేసి నడుమ దీర్ఘాన్ని మింగిన్రు. గణం కుదరకపోతే జంతువు పేరు కురచ చేస్తరా? మూడో పాదం మాత్రం మంచిగున్నది. "నెల్ల నున్నిని" కాడ గణం మాట నడుమ విరిగినా చెవికి తట్టలేదు.

జనగామ పంతులు: అన్యదేశ్యాలను మన నోటికి ఒదిగించుకునుడు పాత అలవాటే. రెండో పాదంల యతి చూడుండ్రి, "మందల + అందు" విడదీస్తే అచ్చుకు అచ్చు కుదిరింది. అది మీ కంట పడలేదు, దీర్ఘం పడ్డది. ఇంతకూ దసరాకు ఇచ్చిన "చేప చెట్టు నెక్కి చింత గోసె" ను కలగన్నట్టు పూరించిన్రు చూడు, అది ఎవరు? సంచాలకులు ఇయ్యాల కల వద్దన్నది ఎవరి కోసం?

పరకాల వకీలు సాబ్: ఆ పద్యంల కల మూడో పాదంల వచ్చింది, అప్పటిదాక కథ నిలబడ్డది. మీరప్పుడు "చేప" అనే పిలగాడున్నడని పూరించిన్రు. పేరు పెట్టి గట్టెక్కినోళ్లు కలను ఎక్కిరించొద్దు.

సంచాలకులు: దసరా ముచ్చట దసరాతోనే అయిపోయింది. ఇద్దరూ ఒంటె కాడికి రాండ్రి.

నర్సంపేట అక్కయ్య:
తాతలున్న చోటు తడవి వచ్చిన నాడు
పుట్టినింటి యొడిని బొంది మురిసి
యాడబిడ్డ వోలె నరిజోన యిసుకలో
మూపు లేని యొంటె ముద్దు లొలికె

పరకాల వకీలు సాబ్: అక్కయ్యా, పద్యం సక్కగున్నది, న్యాయం కుదరలేదు. ఒంటె అరబ్బు దేశాలది, లామా పెరూ, బొలీవియాలది. అరిజోనా పుట్టిల్లు ఎట్లయితది?

నర్సంపేట అక్కయ్య: అక్కడే ఉన్నది వకీలుగారూ మెలిక. ఒంటెల వంశం మొదలైందే ఉత్తర అమెరికాల, 4 కోట్ల ఏండ్లకు పైబడి. ఒక పాయ బేరింగ్ జలసంధి కాడ అప్పుడున్న నేల మీదుగ ఆసియాకు దాటింది, మన రాజస్థాన్ ఒంటె ఆ పాయదే. ఇంకొకటి 30 లక్షల ఏండ్ల కింద దక్షిణానికి దిగి ఆండీస్ ఎక్కింది. ఆ కొండల మీదనే అడవి జీవాలైన గ్వనాకో నుంచి లామాను, వికూన్యా నుంచి అల్పాకాను మనుషులు మచ్చిక చేసుకున్నరు. ఉత్తరాన మిగిలినవి మంచుయుగం ముగిసేటాళ్లకు అంతరించినయి. అరిజోనాలనే మేసా పట్నంల 2007లో తవ్వుతుంటే పాతకాలపు ఒంటె ఎముకలు బయటపడ్డయి. తాతలున్న చోటు అని ఊరికె అనలేదు.

సంచాలకులు: నా పాదం అడిగిన దానికన్న ఎక్కువ చెప్పింది ఈ పూరణ. "తడవి" అన్న మాట కాడ నేను ఆగిపోయిన. కండ్లు కనపడని ముసలమ్మ బిడ్డ మొకం తడిమినట్టున్నది.

జనగామ పంతులు: ఒప్పుకుంటున్న. పరకాలవారి ప్రశ్నతోనే ఇంత వివరం వచ్చింది, ఆ పుణ్యం వారికే.

కొత్తవాడ తమ్ముడు:
ఉన్ని గొరిగి నంత నొణికెడు మేనిపై
గొల్ల కురుమ తాత గొంగడేయ
కప్పుకున్న సిగ్గు కండ్లలో మెరయంగ
మూపు లేని యొంటె ముద్దు లొలికె

జనగామ పంతులు: తమ్మీ, "గొంగడేయ" ఎట్ల కుదురుతది? గొంగడి, వేయ. వకారం ఎటు పోయింది? "గొంగడి వేయ" అంటే గణం చెడుతది, "గొంగడేయ" అంటే వ్యాకరణం చెడుతది. "గొంగడివ్వ" అను, ఇకార సంధి, రెండూ నిలబడుతయి.

కొత్తవాడ తమ్ముడు: మేని మీద గొంగడి ఇస్తరా పంతులుగారూ? ఏస్తరు. మా తాత ఏసిండు, మా నాయిన ఏసిండు. జాను తెనుగును, అంటే జనం మాట్లాడే తేట తెలుగును, నెత్తికెత్తుకున్న పాల్కురికి సోమన పుట్టింది పాలకుర్తిల, మీ జనగామ జిల్లానే. అక్కడి మాటకు మీరే అడ్డం పడితె ఎట్ల? అల్పాకా ఉన్ని దూదిలెక్క మెత్తగుంటదట, మన దక్కనీ గొర్రె ఉన్ని గరుకు. ఆ గరుకు గొంగడే వానకూ చలికీ మంద ఎంబడి తిరిగేటోళ్లను కాపాడింది. ఏడాదికొకసారి ఉన్ని గొరిగించుకున్న జీవానికి ఇంకో జీవం ఉన్ని కప్పుడు, నా పద్యం అదే.

హన్మకొండ సారు: కురుమ తాత అరిజోనాకు ఎట్ల పోయిండని ఎవరూ అడగకుండ్రి. నేను పోయిన కదా. ఎడారిల పగలు ఎంత కాగినా రాత్రి చలి పెడుతది. గొంగడి ఒప్పుతది.

పరకాల వకీలు సాబ్: తమ్మునికే నా ఓటు. "కప్పుకున్న సిగ్గు" ముందు అక్కయ్య ఆడబిడ్డ కూడ రెండో వరుసల నిలబడాలె.

నర్సంపేట అక్కయ్య: నిలబడుత, అభ్యంతరం లేదు. కానీ తమ్మీ, "గొంగడిడగ" అని చూడు. గొంగడి, ఇడగ. గణం సూర్యమే, సంధీ సరే, మేని మీద పెట్టినట్టే అర్థం.

జనగామ పంతులు: భేష్! అదే స్థిరం చేద్దాం.

కొత్తవాడ తమ్ముడు: అక్కా, నీ మాట తీసేయలేను. కానీ "ఇడగ" అంటే మా ఇంట్ల ఎవరికీ అర్థం కాదు. గొంగడి ఏసినోళ్ల పద్యం వాళ్లకే తెలువకపోతే ఎట్ల? నాది "గొంగడేయ" నే ఉంచుండ్రి.

సంచాలకులు: రెండు పాఠాలూ రాసి పెట్టిన. కింద పంతులుగారి ఆక్షేపణ కూడ.