మ్యోంగ్‌జే గొతెక్ నమూనా: ఆ సందు వంకరగా ఉండాల్సిందేనా?

ప్రశ్న:
దక్షిణ కొరియాలోని నాన్‌సన్‌లో ఉన్న పండితుడు యున్ జుంగ్ (కలంపేరు మ్యోంగ్‌జే, 1629–1714) పాత ఇంటికి, అంటే మ్యోంగ్‌జే గొతెక్‌కి, చెక్క నమూనా చేస్తున్నాను. ప్లాన్‌లో ఆడవాళ్ల లోగిలికీ, పక్కనున్న సామాన్ల కొట్టుకీ మధ్య సందు దక్షిణాన వెడల్పుగా, ఉత్తరాన ఇరుగ్గా ఉంది. గీతలో తప్పా? రెండు గోడల్నీ సమాంతరంగా పెట్టేయొచ్చా? ముందున్న చావిడికి ప్రహరీ కూడా కనబడలేదు.

జవాబు 1:
తప్పు కాదండి, దయచేసి సరిచేయకండి! ఈ ఇంటి ప్రాణం ఆ సందులోనే ఉంది. వేసవిలో దక్షిణపు గాలి వెడల్పు వైపు నుంచి దూరి, ఇరుకు దగ్గరికొచ్చేసరికి వేగం పుంజుకుంటుంది. అక్కడ చల్లగా ఉంటుంది కాబట్టే తిండిసామాను పెట్టే గది కొట్టుకి ఉత్తరపు కొసన ఉంది. చలికాలంలో ఇది తిరగబడుతుంది: ఉత్తరపు ఈదురుగాలి ఇరుకులోంచి వచ్చి, వెడల్పులో విచ్చుకుని నెమ్మదిస్తుంది. గోడలు సమాంతరంగా పెడితే ఈ రెండూ పోతాయి.

జవాబు 2:
పై మాటకి తోడు, చూరు సంగతి. నమూనాల్లో ఎక్కువగా చెడేది ఇక్కడే. నాన్‌సన్ సుమారు 36 డిగ్రీల అక్షాంశంలో ఉంది. మిట్టమధ్యాహ్నం సూర్యుడు జూన్ నెలాఖరులో దాదాపు 77 డిగ్రీల ఎత్తున ఉంటే, డిసెంబరులో 30 దగ్గరే. చూరు పొట్టిగా కోస్తే వేసవి ఎండ లోపలికొస్తుంది, మరీ చాపితే చలికాలపు ఎండ ఆగిపోతుంది. కాబట్టి గోడలు అతికించకముందే దీపాన్ని ఆ రెండు కోణాల్లోనూ పెట్టి నీడ చూసుకోండి.

జవాబు 3:
చావిడికి ప్రహరీ నిజంగానే లేదు, ఊరివైపు తెరిచే ఉంటుంది. లోగిలి మాత్రం అలా కాదు. అది మూడువైపులా ఇల్లు, నాలుగోవైపు ద్వారపు వరస. ద్వారం దాటగానే అడ్డుగోడ ఎదురవుతుంది, పక్కకి తిరిగితేనే ముంగిలి. ఆ గోడని నేలదాకా దించకండి, అడుగున ఖాళీ ఉండాలి. లోపలున్నవాళ్లు వచ్చినవారి చెప్పులు చూసి ఎవరో పోల్చుకునేది అందులోంచే.

ప్రశ్న అడిగినవారు:
సందు అలాగే ఉంచుతాను. గదుల కింద ఓండోల్ (పొయ్యి వేడిపొగ నేలరాళ్ల కిందుగా పోయి గదిని వెచ్చబెట్టే ఏర్పాటు) పొగదారులు కూడా చూపించాలనుంది. నేలరాళ్లు ఒకే మందమా?

జవాబు 2:
కాదు. పొయ్యి దగ్గర మందపు రాళ్లు కాస్త దిగువన, పైన మట్టి దళసరిగా వేస్తారు. పొగగొట్టం వైపు రాళ్లు పలచన, మట్టీ తక్కువ. నమూనాల్లో మాత్రం చాలామంది ఒకే మందం వేసేస్తారు. నిజం గదిలో అలా వేస్తే పొయ్యివైపు నేల మాడిపోయి, అవతలి మూల చల్లగానే ఉంటుంది. పొగగొట్టానికి ముందు లోతైన గుంట మరచిపోకండి. మసి దిగేదీ, ఎదురుగాలి ఆగేదీ అక్కడే.