రేడియేటర్ కొత్తదే, అయినా హీట్ అయితుంది: థర్మోస్టాట్ పీకేయాల్నా వద్దా?

హన్మకొండ డీజిల్:
అందరికీ నమస్తే. నాది 2013 మోడల్ డీజిల్ హ్యాచ్‌బ్యాక్. పాత రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంక్ పక్కకు పగిలి నీళ్లు కారుతుంటే కొత్తది వేయించిన, అప్పటిసంది వేరే లొల్లి మొదలైంది. కాజీపేట బ్రిడ్జి కాడ ట్రాఫిక్‌ల ఆగితే టెంపరేచర్ ముల్లు పైకి ఎక్కుతది, మళ్లీ ఉన్నట్టుండి కిందికి పడ్తది. డ్యాష్‌బోర్డు వెనక గుడగుడమని సప్పుడు. పై హోస్ మస్తు కాలుతది, కింది హోస్ చల్లగనే ఉంటది. లీకేజీ ఎక్కడా లేదు. మెకానిక్ ఏమో థర్మోస్టాట్ (ఇంజన్ వేడయ్యేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనియ్యకుండ ఆపే వాల్వు) పీకేద్దాం, మన ఎండలకు దానితోని పనేంది అంటుండు. తెల్సినోళ్లు జర చెప్పున్రి.

పరకాల జీపు:
పీకేయ్ తమ్మీ, ఆలోచించకు. ములుగు, ఏటూరునాగారం రూట్ల ఏండ్ల సంది జీపులు నడిపిస్తున్నం, ఒక్కదానికి గూడ థర్మోస్టాట్ ఉంచలే. అది మంచు కురిసే దేశాలోళ్లకు కావాలె, ఎండాకాలం రామగుండం దిక్కు 45 దాటుతది, గక్కడ ఇంజన్‌ను ఇంకా వేడి చేసుకునుడేంది? అది మూసుకొని జామ్ అయిందంటే ఇంజన్ పైభాగం, అదే హెడ్, పోతది, అసలే లేకుంటే జామ్ అయ్యే ముచ్చటే లేదు.

ఆటోనగర్ పాతకాపు:
హన్మకొండ తమ్మీ, ముందుగాల ఒకటి చెప్పు. ఇంజన్ వేడయినంక హీటర్ ఫుల్ వేడి మీద పెడితే ఏ గాలొస్తుంది? ఏసీ వేస్తే రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతుందా?

హన్మకొండ డీజిల్:
ఫ్యాన్ తిరుగుతుందన్నా. హీటర్‌ల మాత్రం చల్లగాలే, పాత రేడియేటర్ ఉన్నప్పుడు బాగనే వేడొచ్చేది.

ఆటోనగర్ పాతకాపు:
అయితే లోపల గాలి ఇరుక్కుంది. రేడియేటర్ మార్చేటప్పుడు నీళ్లన్నీ కారిపోతయి, మళ్లీ నింపేటప్పుడు తొందరపడి గడగడ పోసి మూత బిగిస్తే గాలి పైభాగంల, హీటర్ పైపులల్ల నిల్సిపోతది. నీళ్లు తిరగనియ్యదు, అందుకే హీటర్ చల్లగాలి కొడ్తది, కింది హోస్ చల్లగుంటది. సెన్సర్ ఒకసారి నీళ్లల్ల, ఒకసారి గాలిల ఉంటది, ముల్లు గట్ల ఎగిరి పడుడు దానికే. ఇందుల థర్మోస్టాట్ తప్పు ఇంకా రుజువు కాలే.

పరకాల అన్నా, మీ అనుభవాన్ని కాదనను, కానీ బయట 45 ఉన్నా 15 ఉన్నా ఇంజన్ 90 డిగ్రీల దగ్గర తిరిగేటట్టు చేసిండ్రు. థర్మోస్టాట్ 82 నుంచి 88 మధ్యల, బండిని బట్టి, తెరుసుకునుడు మొదలువెడ్తది. ఇంజన్ బాగా వేడయినప్పుడు అది ఎట్లాగూ పూర్తిగా తెరిసే ఉంటది, మంచిగ పనిచేసేదాన్ని పీకినంత మాత్రాన చల్లదనం ఎక్కడి నుంచి వస్తది? పైగా చాలా ఇంజన్లకు బైపాస్ దారి ఒకటుంటది, థర్మోస్టాట్ తెరుసుకున్నప్పుడు దాని కింది బిళ్ల పోయి ఆ దారిని మూస్తది. పీకేస్తే ఆ దారి తెరిసే ఉండి కొన్ని వేడినీళ్లు రేడియేటర్ మొహమే చూడకుండ మళ్లీ ఇంజన్‌లకే పోతయి, ట్రాఫిక్‌ల ఇంకా వేడెక్కుతది. హైవే మీద ఉల్టా, జనగామ దాకా పోయినా ముల్లు సగానికి రాదు. ఈసీయూ (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్) ఏమో ఇంజన్ ఇంకా చల్లగుందని డీజిల్ లెక్క మార్చుకుంటది, మైలేజీ పడిపోతది. బీఎస్6 డీజిల్ బండ్లకైతే ఇంజన్ వేడి కాకుంటే డీపీఎఫ్‌ల (పొగల మసి పట్టే ఫిల్టర్‌ల) మసి కాలదు, ఆ ఖర్చు థర్మోస్టాట్ ఖర్చుకు ఎన్నో రెట్లు.

కాకతీయ కారు:
మూత గూడ చూడున్రి. దాని మీద 0.9 అనో 1.1 అనో రాసుంటది, అది మూత పట్టి ఉంచే ప్రెషర్, బార్ లెక్కల. 1.1 మూత మంచిగుంటే లోపలి నీళ్లు దాదాపు 120 దాకా మరగవు. కొత్త రేడియేటర్‌కు రబ్బరు గట్టిపడిపోయిన పాత మూత పెట్టిచ్చే షాపులు చానా ఉన్నయి, దాంతోని 100 దాటంగనే నీళ్లు మరిగి ఓవర్‌ఫ్లో పైపుల నుంచి పోతయి. ఇంకోటి, బోరు నీళ్లు అస్సలు పోయనియ్యొద్దు. ఇంట్ల గిన్నె అడుగున పట్టిన తెల్ల గార చూసినోళ్లకు మళ్ల చెప్పాల్సిన పని లేదు.

పరకాల జీపు:
ఉత్త నీళ్లే కూలెంట్ కన్న ఎక్కువ వేడి గుంజుతయి, ఇది నిజమా కాదా?

కాకతీయ కారు:
నిజమే అన్నా, కానీ ఉత్త నీళ్లకు తుప్పు ఆపే మందు ఉండదు, అల్యూమినియం రేడియేటర్ లోపల తినేసుకుంటపోతది. సగం కూలెంట్ సగం డిస్టిల్డ్ వాటర్ పోస్తే తుప్పు ఆగుతది, మరిగే డిగ్రీ గూడ పెరుగుతది.

ఆటోనగర్ పాతకాపు:
హన్మకొండ తమ్మీ, గాలి తీసుడు ఇట్ల. ఇంజన్ పూర్తిగా చల్లగున్నప్పుడే మూత తీయాలె, వేడి మీద తీస్తే మొహం కాలుతది, ఇది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. బండి ముందుభాగం ఎత్తుమీదికి పెట్టున్రి, హీటర్ ఫుల్ వేడి, బ్లోయర్ తక్కువ మీద. బ్లీడ్ స్క్రూ (గాలి పోనిచ్చే స్క్రూ) ఉంటే వదులు చేసి, మెల్లగ పోసుకుంట బుడగల్లేని ధార వచ్చేదాకా ఆగి బిగించాలె. తర్వాత ఐడిల్‌ల నడిపిస్తే థర్మోస్టాట్ తెరుసుకోంగనే నీళ్లమట్టం బుస్సున దిగుతది, మళ్లీ నింపాలె. ఫ్యాన్ ఒకసారి తిరిగి ఆగేదాకా నడిపించున్రి. తెల్లారి చల్లారినంక మళ్లొక్కసారి మట్టం చూడాలె, చానామంది ఇదే మర్సిపోతరు.

ఇంత చేసినా బుడగలు ఆగకుండ వస్తనే ఉంటే, లీకేజీ లేకుండ నీళ్లు తగ్గుతుంటే, ఆయిల్ మూత కింద పాలమీగడ తీరు కనవడితే హెడ్ గాస్కెట్ (హెడ్‌కు, ఇంజన్ బ్లాక్‌కు నడుమ ఉండే సీల్) మీద అనుమానం. అప్పుడు థర్మోస్టాట్ పీకుడు ఉత్త టైం పాస్.

పరకాల జీపు:
సరే, అది నిజంగనే జామ్ అయి తాడ్వాయి అడవిల బండి ఆగితే ఏం చేస్తరు మరి?

ఆటోనగర్ పాతకాపు:
అప్పుడు పీకి ఇల్లు చేరున్రి అన్నా, కొత్తది దొరికేదాకా అది తప్పేంగాదు. కానీ పీకినదాన్ని పారేయకుండ దారం కట్టి గిన్నె నీళ్లల్ల వేలాడదీసి థర్మామీటర్ పెట్టి కాయున్రి. దాని మీద అచ్చుకొట్టిన డిగ్రీ కాడ తెరుసుకోవాలె, నీళ్లు మరిగినా తెరుసుకోకుంటే దానిదే తప్పు. కొత్తది వేసేటప్పుడు దాని అంచున కదిలే చిన్న పిన్ను ఉంటే, కంపెనీ మాన్యువల్ వేరే చెప్పకుంటే పైకి రావాలె, గాలి ఆ సందుల నుంచే పోయేది.

పరకాల జీపు:
పాత జీపులకు నా మాట నేను మార్చ. ఈసీయూ ఉన్న బండ్ల సంగతి మాత్రం మీరు చెప్పినట్టు చూడాల్సిందే.

హన్మకొండ డీజిల్:
థాంక్స్ అన్నలూ. రేపు పొద్దున చల్లగున్నప్పుడు దగ్గరుండి గాలి తీపిస్త, మూత గూడ కొత్తది తీస్కుంట. బ్లీడ్ స్క్రూ నా బండికి ఎక్కడుంటది?

ఆటోనగర్ పాతకాపు:
థర్మోస్టాట్ హౌసింగ్ మీదనో, హీటర్‌కు పోయే పైపు మీదనో చూడు. అక్కడ లేకుంటే హీటర్ పైపు క్లిప్పు వదులు చేసి తీయిపియ్యాలె.