ఎస్‌క్యూఎల్ ఫార్మాటర్ టేబుల్ పేర్లలోని పెద్ద అక్షరాలను మార్చకుండా ఉండాలంటే ఏ సెట్టింగ్ పెట్టాలి?

గోదారిగట్టు:
మా ప్రాజెక్టులోని ఎస్‌క్యూఎల్ ఫైళ్లన్నీ ఒకే తీరుగా కనిపించాలని ఎస్‌క్యూఎల్‌ఫ్లఫ్ అనే ఫార్మాటర్ (కోడ్ రాసిన తీరును సరిచేసే ప్రోగ్రామ్) పెట్టుకుని, పేర్లకు సంబంధించిన సీపీ02 నియమంలో క్యాపిటలైజేషన్ పాలసీని ‘లోయర్’ (అన్నీ చిన్న అక్షరాలు) అని నేనే రాశాను. ఫిక్స్ కమాండ్ నడిపాక విండోస్ ల్యాప్‌టాప్‌లో టెస్టులన్నీ పాసయ్యాయి. అవే ఫైళ్లు లినక్స్ సర్వర్ మీదికి వెళ్లగానే మైఎస్‌క్యూఎల్ 1146 ఎర్రర్ ఇచ్చి, అసలు ఆ టేబులే లేదంది. టేబుల్ పేరు ‘ఆర్డర్‌ఐటమ్స్’. అందులో ఓ, ఐ పెద్ద అక్షరాలు. సెలెక్ట్ వంటి కీవర్డులు మాత్రమే మారి, పేర్లు మేము రాసినట్టే ఉండాలంటే ఏం చేయాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

పాతకాపు:
టేబుల్ పేర్లలో పెద్దా చిన్నా అక్షరాల తేడా చూడాలా వద్దా అన్నది లోయర్‌కేస్ టేబుల్ నేమ్స్ అనే మైఎస్‌క్యూఎల్ సర్వర్ వేరియబుల్ చెబుతుంది; 0 అయితే చూస్తుంది, 1, 2 అయితే చూడదు. దాని విలువ మామూలుగా లినక్స్‌లో 0, విండోస్‌లో 1, మ్యాక్‌లో 2 ఉంటుంది కాబట్టి మీ ల్యాప్‌టాప్‌లో ఈ తేడా బయటపడే అవకాశమే లేదు. కాలమ్ పేర్లకు ఈ పట్టింపు ఎక్కడా లేదు. టేబుల్ పేర్లకు, లినక్స్‌లోనైతే టేబుల్ మారుపేర్లకు కూడా ఉంది. సర్వర్‌లో ఆ విలువనే 1 చేయమని ఎవరైనా సలహా ఇస్తారేమో, 8.0 వెర్షన్ నుంచి దాన్ని సర్వర్‌ను మొదటిసారి సిద్ధం చేసేటప్పుడు తప్ప మార్చలేము. కాన్ఫిగ్ ఫైలులో ఎక్స్‌క్లూడ్ రూల్స్ వరుసలో సీపీ02 చేర్చి, కీవర్డుల నియమమైన సీపీ01కు ‘అప్పర్’ పెట్టండి. సీపీ02 నుంచి మీ ‘లోయర్’ను తీసేసి ఊరుకుంటే చాలదు, ఎందుకంటే అప్పుడు అది ‘కన్సిస్టెంట్’ పద్ధతికి వెళ్లి, ఫైలులో ముందు కనిపించిన పేర్లను బట్టి మిగతావాటిని దిద్దబోతుంది.

రాత్రిషిఫ్ట్:
పాతకాపు గారి మార్గం సరైనదే గానీ, నియమాన్ని పూర్తిగా ఎత్తేస్తే కాలమ్ మారుపేర్లు ఎవరికి తోచినట్టు వారు రాస్తారని మా దగ్గర తేలింది. అందుకని మేము సీపీ02లోనే ఉన్న అన్‌కోటెడ్ ఐడెంటిఫయర్స్ పాలసీని (కొటేషన్లు లేని పేర్లలో వేటిని చూడాలో చెప్పే సెట్టింగ్) ‘కాలమ్ అలియసెస్’ అని పెట్టుకున్నాము; టేబుల్ పేర్ల జోలికి అది రాదు. అంతకుముందు ఇగ్నోర్ వర్డ్స్ రెజెక్స్‌తో (ఇచ్చిన నమూనాకు సరిపోయే పేర్లను వదిలేయమనే సెట్టింగ్) ప్రయత్నించి దెబ్బతిన్నాము. అది పేరులో ఏ ముక్క సరిపోయినా వదిలేస్తుందని, పూర్తి పేరే సరిపోవాలంటే మొదట టోపీ గుర్తు (^), చివర డాలర్ గుర్తు పెట్టాలని ఆలస్యంగా తెలిసింది.

పెన్నాతీరం:
పోస్ట్‌గ్రెస్ వాడేవారికి ఒక మాట. క్వెరీ ఫలితాన్ని జేసన్ డేటాగా పంపితే అందులో ‘కస్టమర్‌ఐడీ’లోని పెద్ద ఐ చిన్నదైపోతోందని నేను రెండు రోజులు ఫార్మాటర్‌ను తిట్టుకున్నాను. తీరా చూస్తే జంట కొటేషన్ గుర్తులు లేని పేరును పోస్ట్‌గ్రెస్ తానే చిన్న అక్షరాల్లోకి మార్చుకుంటుంది. ఫార్మాటర్ ముట్టుకున్నా ముట్టుకోకపోయినా ఫలితం అదే. (ఒరాకిల్ పెద్ద అక్షరాల్లోకి మారుస్తుంది.) కొటేషన్లు పెట్టాక సమస్య పోయింది.

పాతకాపు:
కొటేషన్లు ఉంటే చాలని అన్ని చోట్లా నమ్మకండి. పైథాన్‌లోని ఎస్‌క్యూఎల్‌పార్స్ అనే లైబ్రరీలో ఐడెంటిఫయర్ కేస్ (పేర్ల అక్షరాలను మార్చే ఆప్షన్) అడిగినప్పుడు అది జంట కొటేషన్లలోని పేర్లను వదిలేస్తుంది గానీ, మైఎస్‌క్యూఎల్‌లో మనం వాడే బ్యాక్‌టిక్ గుర్తుల (`) మధ్య ఉన్న పేర్లను మార్చేస్తుంది. ఆ ఆప్షన్ ఇవ్వకుండా కీవర్డ్ కేస్ ఒక్కటే ఇవ్వడం మేలు.

గోదారిగట్టు:
అందరికీ ధన్యవాదాలు. పాత ఫైళ్లను గిట్ నుంచి వెనక్కి తెచ్చి, రాత్రిషిఫ్ట్ గారు చెప్పిన పాలసీ పెట్టి, ఈసారి ఫిక్స్ కంటే ముందు, ఫైళ్లను మార్చకుండా తప్పులు మాత్రమే చూపే లింట్ నడిపి చూశాను. టేబుల్ పేర్ల మీద ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు. మన లిపిలో పెద్దా చిన్నా అక్షరాల భేదం లేకపోవడం వల్లనో ఏమో, దాన్ని ఇన్నాళ్లూ అలంకారంగానే చూశాను. టెస్టులను కూడా లినక్స్ కంటైనర్‌లోకి మార్చే పని ఇప్పుడే మొదలుపెట్టాను.