తిరుపతి గ్రౌండులో వాన ఆగి మూడు రోజులైనా నీళ్ళు ఇంకడం లేదు, పైపులు వేయిస్తే సరిపోతుందా?

చంద్రగిరి_లెఫ్ట్‌బ్యాక్
ఫుట్‌బాల్ గ్రౌండు 100 మీటర్ల పొడవు, 60 వెడల్పు. ఎర్రమట్టి, పైన గరిక. ఉత్తరాన కొండ వాలు. జూన్, జులై జల్లులకు ఇబ్బంది లేదు. నవంబరు తుపాను వానలకే గోల్‌పోస్టుల ముందు, మధ్య సర్కిల్లో మడుగులు కడతాయి. కిందటేడు మూడంగుళాల ఇసుక తోలి, మట్టిలో కలిపి రోలర్ తిప్పారు. ఇంకా అధ్వానమైంది. ఇప్పుడు పైపులంటున్నారు. సైజెంత, ఎంత దూరానికొకటి, కంకర ఏది? తెలిసినోళ్ళు చెప్పండన్నా.

మట్టిలెక్క
పైపుల సంగతి తర్వాత. ఈసారి నీళ్ళు నిలిచినప్పుడే మడుగు అంచున రెండడుగుల గుంట తవ్వి చూడండి. పైన నీళ్ళుండి, జానెడు లోతులో మట్టి పొడిగా ఉంటే లోపం పైపొరది. రోలర్లు, బండ్లు, షామియానాల లారీలు తొక్కి అట్టకట్టిన మట్టి అది. దాని కింద ఎంత మంచి పైపు వేసినా నీళ్ళు అక్కడిదాకా దిగవు. గుంటలోకి అడుగు నుంచే నీరు ఊరుతుంటే పైపులకు పని ఉన్నట్టు.

ఇసుక ఎందుకు చెడగొట్టిందంటే, కొద్దిపాటి ఇసుక కలిపితే దాని సందులన్నీ బంకమట్టి పూడ్చేస్తుంది. పైన రోలర్ పడితే ఇక ఇటుకే. మిశ్రమంలో పదింట ఎనిమిది పాళ్ళకు పైగా ఇసుకే ఉంటే తప్ప నీళ్ళు దిగవు. పెద్ద స్టేడియాల్లో మట్టి తీసేసి 30 సెంటీమీటర్ల ఇసుక, దాని కింద 10 సెంటీమీటర్ల చిప్స్ (సన్న కంకర) వేసేది ఇందుకే. మీ కొలతకు ఆ ఇసుకే 1,800 ఘనపు మీటర్లు, అంటే 630 యూనిట్ల పైమాట (యూనిట్ అంటే వంద ఘనపుటడుగులు). ఆ దారి వదిలేయండి.

కాలువగట్టు
పై మాట నిజం. అయినా పైపులే వేయాలనుకుంటే లెక్క ఇదీ. గోల్ నుంచి గోల్‌కు పొడవునా నడిమి గీత ఒకటి అనుకుని, దాని నుంచి రెండు పక్కలకూ 5 మీటర్లకొకటి చొప్పున 4 అంగుళాల చిల్లుల పైపు, మొత్తం 1,200 మీటర్లు. కాలువ 20 సెంటీమీటర్ల వెడల్పు, 45 లోతు, వాలు 200కి 1, అంటే 200 మీటర్లకు మీటరు దిగేలా. అడుగున రెండంగుళాల చిప్స్ పరిచి, చిల్లులు కిందికి ఉండేలా పైపు పెట్టి, నేలకు 15 సెంటీమీటర్లు తక్కువ వరకు చిప్స్, ఆపైన ఏటి ఇసుక. చిప్స్ 22 యూనిట్లు, ఇసుక 13 పడుతుంది.

20 ఎంఎం కంకర వద్దు, ఇసుక దాని సందుల్లోకి జారిపోతుంది. డస్ట్ లేని 6 ఎంఎం చిప్స్ అడగండి. పొరపాటున 'గ్రావెల్' అన్నారో, ఎర్ర గ్రావెల్ దించి పోతారు. అది నీళ్ళు వదలదు.

ఇంతటితో అయిపోలేదు. పైపుకీ పైపుకీ నడుమ పడ్డ నీరు పక్కకు నడిచి రాలేదు. అందుకే పొడవునా మీటరుకొక చీలిక కోయాలి: 5 సెంటీమీటర్ల వెడల్పు, 25 లోతు, నిండా ఇసుక. అలాంటివి 60, మరో 26 యూనిట్లు. చీలిక అడుగు పైపు మీది చిప్స్‌ను తాకి తీరాలి. చాలాచోట్ల పని చెడేది ఇక్కడే. ఇంకో తప్పు, గ్రౌండు లెవెల్ చేయడానికి తర్వాత ఎర్రమట్టి తోలడం. అరంగుళం పడినా చీలికల నోళ్ళు మూసుకుంటాయి.

చంద్రగిరి_లెఫ్ట్‌బ్యాక్
అంత డబ్బు లేదండీ. ముందు ఏది చేస్తే ఎక్కువ ఫలితం?

కాలువగట్టు
కొండ వైపు అడ్డకాలువ. రెండడుగుల లోతు, రెండడుగుల వెడల్పు, జేసీబీకి పెద్ద పని కాదు. బయటి నీళ్ళు లోపలికి రాకుండా ఆపడమే సగం పని. తర్వాత ఆ పొడవు నడిమి గీత దగ్గర అంచుల కంటే 30 సెంటీమీటర్లు ఎత్తుండేలా వెన్ను తీయండి. 100కి 1 వాలన్నమాట. దారం, లెవెల్ ట్యూబ్ చాలు. అసలు తుపాను వానను దించేది పైపు కాదు, ఈ వాలే. గంటకు 25 మిల్లీమీటర్లు పడితే మీ గ్రౌండు నుంచి సెకనుకు 42 లీటర్లు పోవాలి. చిల్లుల పైపులన్నీ కలిసే 6 అంగుళాల మెయిన్ పైపు 200కి 1 వాలులో లాగేది 12 లీటర్లే.

మట్టిలెక్క
గోల్ ముందు బాగా అరిగే చోటు, 10 మీటర్లకు 6, విడిగా చూసుకోండి. అక్కడ ఏటా గుంటపడి వెన్ను వాలు తెగిపోతుంది. జానెడు లోతు తవ్వి వదులు చేసి, పక్క నేలకు సమంగా మట్టి నింపి, తేలికగా అదిమి గరిక నాటండి. మిగతా చోట ఫోర్కుతో 10-15 సెంటీమీటర్ల లోతు గుచ్చి, చిల్లుల్లో పొడి ఏటి ఇసుక ఊడ్చితే అట్ట విరుగుతుంది. ఎం శాండ్ (రాయి నలగ్గొట్టి చేసే ఇసుక) వాడితే కడిగింది వాడండి, పిండి ఉంటే చిల్లులు పూడతాయి.

మట్టిపని మే నెలాఖరుకు ముగించండి, జూన్ జల్లులకు గరిక పట్టుకుంటుంది. ఇంకో సంగతి, అడ్డకాలువ కలిసే వీధి కాలువ మట్టం ముందే కొలుచుకోండి. వానాకాలంలో అది నిండి మీ కాలువ అడుగు కంటే పైకొస్తే నీళ్ళు గ్రౌండులోకే తిరిగొస్తాయి. అప్పుడు నోటి దగ్గర ఒకవైపే తెరుచుకునే తలుపు పెట్టాలి.