ట్రావెలర్ డిక్కీలో జనరేటర్ వేడెక్కిపోతోంది, గాలి ఎలా ఇవ్వాలి?

బండిపిచ్చి తిరుపతి:
నమస్తే అన్నలూ. పాత టెంపో ట్రావెలర్ కొని, సీట్లు తీసేసి, ఇంట్లోవాళ్లం తిరగడానికి మంచాలు, వంటగట్టు, ఒక టన్ను ఏసీ పెట్టించాను. వెనక డిక్కీలో రేకుపెట్టె కట్టించి 3 కేవీఏ పెట్రోల్ ఇన్వర్టర్ జనరేటర్ దించాను. మొన్న మధ్యాహ్నం చంద్రగిరి దగ్గర బండి ఆపి ఏసీ వేస్తే పాతిక నిమిషాలకు ఎర్ర లైటు వెలిగి కరెంటు పోయింది, ఇంజన్ మాత్రం ఆడుతూనే ఉంది. పెట్టె తలుపుకు రెండు జాలీలున్నాయి, స్టార్ట్ చేసే తాడు లాగే వైపు వేడిని బయటికి లాగేలా కారు రేడియేటర్ ఫ్యాన్ కూడా బిగించాను, అయినా రేకు మీద చెయ్యి పెట్టలేం. హార్స్‌లీ హిల్స్‌లో ఫ్రిజ్జు, లైట్ల కోసం రాత్రంతా ఆడించాం, ఏ గొడవా లేదు. చలికి కిటికీలన్నీ మూసుకుని పడుకున్నాం, పొద్దున అమ్మకు తలనొప్పి, వికారం, అది ఘాట్ మలుపుల వల్లే అనుకోండి. ఇంకో జాలీ కొట్టించాలా, పెద్ద ఫ్యాన్ వేయాలా?

షామియానా చిత్తూరు:
రెండూ వద్దు. ఇంజన్ ఆడుతూ కరెంటు పోయిందంటే, లోడు ఎక్కువై ఉండాలి, లేదా లోపల కరెంటును సరిచేసే ఇన్వర్టర్ వేడెక్కి తనను తాను కాపాడుకుని ఉండాలి; పాతిక నిమిషాలు బాగానే ఆడింది కాబట్టి నాకు వేడి మీదే అనుమానం. చిన్న జనరేటర్లలో చాలావరకు ఇంజన్ ఫ్యానే తాడు వైపు నుంచి చల్లగాలి పీల్చి సైలెన్సర్ వైపు వదులుతుంది. మీరు తాడు వైపే బయటికి లాగే ఫ్యాన్ పెట్టారు, అంటే దాని నోటి దగ్గర గాలి మీరే లాక్కుంటున్నారు. పైగా రెండు జాలీలూ ఒకే తలుపుకు ఉంటే వదిలిన వేడే తిరిగి లోపలికి వస్తుంది. 2 కిలోవాట్ల కరెంటు తీస్తే కనీసం 6 కిలోవాట్లు వేడిగా పోతుంది, ఆ డబ్బాలో మూడు గీజర్లు వేసినట్టే. చల్లగాలికి ఒక పక్క, వేడిగాలికి ఎదురు పక్క దారి ఇచ్చి, మధ్యలో రేకు అడ్డం పెట్టి సందులు మూయించండి. సన్న జాలీ గాలిని బాగా ఆపేస్తుంది, కన్నం పెద్దదిగా కోయించి పెద్ద కళ్ల జాలీ వేయించండి. లోపల థర్మోకోల్, ఫోమ్ లాంటివి ఉంటే ముందు పీకేయండి.

రేణిగుంట వెల్డింగ్:
గాలి సంగతి తర్వాత చూద్దాం సార్, అమ్మగారి తలనొప్పి చదివి నాకు చెమట పట్టింది. అది మలుపుల వల్ల అయితే ఎక్కేటప్పుడు రావాలి, రాత్రంతా పడుకుని లేచాక రావడమేంటి? అది ఇంజన్ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వల్ల కావచ్చు. దానికి వాసన లేదు, రంగు లేదు, నిద్రలో ఉన్నవాళ్లు లేవరు. పొగగొట్టం డిక్కీలోనే ఆగిందా, బండి బాడీ దాటి బయటికి వచ్చిందా? వైర్ల కోసం నేలలో కొట్టిన కన్నాలు చూడండి, పైన ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే ఆ కన్నాల గుండానే పొగ లోపలికి లాక్కుంటుంది. అలారం తప్పనిసరి, కార్బన్ మోనాక్సైడ్‌ది అని అడిగి కొనండి, మామూలు పొగ అలారం దీన్ని పట్టుకోదు. పడుకునే ఎత్తులో పెట్టండి. అసలు డబ్బాలో పెట్టే జనరేటర్లు వేరే, మీది ఆరుబయట పెట్టి నడిపేది, దాని పుస్తకంలోనే ఆ మాట ఉంటుంది.

పీలేరు కుర్రాడు:
గాలి ఎటు పోతుందో తెలియాలంటే జాలీ దగ్గర అగరబత్తీ వెలిగించి చూడండి అన్నా, పొగ ఎటు తిరిగితే అటే.

షామియానా చిత్తూరు:
పెట్రోల్ ట్యాంకు పక్కన అగరబత్తీనా సామీ! పాత చీర అంచు చింపి, సన్న పేలిక జాలీకి కట్టు, అది ఎటు ఎగురుతుందో అదే చెబుతుంది. ఇంజన్ చల్లారకుండా పెట్రోల్ కూడా పోయొద్దు.

బండిపిచ్చి తిరుపతి:
ఇప్పుడే వెళ్లి చూశాను. పొగగొట్టం బంపర్ లోపలికే ఉంది, దాని పైన జానెడు దూరంలో అమ్మ మంచం కింది వైరు కన్నం, నా బొటనవేలు దూరేంత ఉంది, అంచంతా నల్లగా మసి. కన్నం మూయించి, జనరేటర్ దించేసి, ఇరవై అడుగుల వైరు తీసుకుని, గాలివాటం చూసి పొగ అవతలికి పోయేలా దూరంగా పెట్టి నడుపుతాను. అలారం ఆర్డర్ పెట్టాను. రేణిగుంటలో మీ షాపు ఎక్కడ సార్, శనివారం బండి తేవచ్చా?